కృష్ణలో తేలిన మా కారు

ఆ రోజుల్లో నాకు భయపడడానికి కారణం అక్కర్లేదు, తీరిక ఉంటే చాలు. ఉపగ్రహాల సాయంతో దారి చూపే రిసీవర్లు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో చేరి, ఇంకా ఉద్యోగం ఖాయం కాని కాలమది. నా వంతు పని ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్ సర్క్యూట్. మా అమ్మ సీరియల్ మాటలు వినపడకపోతే రిమోట్‌తో సౌండు పెంచి, ప్రకటనలు రాగానే తగ్గిస్తుంది చూడండి, రిసీవర్ లోపల ఆ చెయ్యి అన్నమాట. (ఇది చెప్పాక అమ్మ, "గింత దానికి ఇంజనీరింగు సదవాల్నా?" అంది.)

సర్క్యూట్‌ను సూర్యాపేట నుంచి కోదాడ మీదుగా మిర్యాలగూడ దాకా తిప్పి చూద్దామన్నారు మా సారు. ఆయనది కోదాడ. పరీక్ష నెగ్గితే ఉద్యోగం ఖాయం, లేదంటే పెట్టె సర్దుకుని మా ఊరు తిరుమలగిరి బస్సెక్కడమే. కారు సూర్యాపేటలో కిరాయి బండి నడిపే మా మేనమామది. పైకప్పు మీద యాంటెనా బిగించి, సారూ నేనూ టీ తాగొచ్చేసరికి మామయ్య దానికి పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కూడా కొట్టేశాడు. "కొత్త మిషిన్ బిడ్డా, ఉత్తగనే ఎట్ల తీస్తం?" అన్నాడు. సారు కూడా కళ్లు మూసుకుని దండం పెట్టారు. నేను ఇంకాసేపు ఎక్కువే పెట్టాను.

ఊరు దాటామో లేదో, లాప్‌టాప్ మ్యాపులో మా కారును చూపే చుక్క హైవే దిగి పత్తి చేలో పడింది. కోదాడలో మేం బస్టాండు ముందుంటే అది చెరువులో ఉంది. సౌండు ఎంత పెంచిందో చెప్పే గెయిన్ అంకె చూస్తే కదలదు, మెదలదు. అయిపోయింది, నా సర్క్యూట్ చచ్చింది అనుకున్నాను. సారు పల్లీలు తింటున్నారు. (తిట్టే మనిషి కంటే పల్లీలు తినే మనిషి ఎంత భయంకరమో ఆ రోజే తెలిసింది.) నేరేడుచర్ల మిల్లుల దగ్గరికొచ్చేసరికి చుక్క మఠంపల్లి వైపు పోయి, కృష్ణానది మధ్యలో కూర్చుంది. నాకు ఏడుపొచ్చేసింది.

మామయ్య బండి ఆపి వెనక్కి తిరిగాడు. "ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా? దిష్టి తగలకుండ రేకు గూడ పెట్టిన గదా!"

"ఏం రేకండీ?" అన్నారు సారు, పల్లీలు ఆపి.

"రాగిది సార్, పూజల పెట్టింది. దండ కింద, గా డబ్బా నెత్తి మీద టేపేసిన. ఇగ ఏ కన్ను పడదు."

నిజమే, ఏ కన్నూ పడలేదు. ఉపగ్రహాలది కూడా.

సారు దిగి, దండ కింద నుంచి అరచేయంత రేకును ఊడదీశారు. కాసేపటికి చుక్క నదిలోంచి లేచి బుద్ధిగా రోడ్డెక్కింది, మిర్యాలగూడ దాకా పక్కకు జరగలేదు. నేను మాత్రం, "సార్, మరి గెయిన్ ఎందుకు కదల్లేదు?" అని గొణుగుతూనే ఉన్నాను.

"ఉపగ్రహాల మాట హోరులో గుసగుసలాంటిది. రేకు ఆ గుసగుసను ఆపినా రిసీవర్‌కి వినపడే హోరు మారలేదుగా. అది మారకపోతే గెయిన్ కదలకూడదు. నీ సర్క్యూట్ నిలకడగానే ఉందమ్మా, నువ్వే లేవు. సోమవారం వచ్చి ఆర్డరు తీసుకో," అన్నారు. మళ్లీ ఏడ్చాను.

ఇప్పుడు పరీక్షలకు వెనక సీట్లో పల్లీలు తింటూ కూర్చునేది నేనే. చుక్క కాస్త జరిగితే చాలు, పల్లీ గొంతుకడ్డం పడుతుంది. ప్రతిసారీ మామయ్య ఫోన్ చేసి, "రేకు పెట్టినవా బిడ్డా?" అంటాడు. "పెట్టిన మామా," అంటాను. అబద్ధం కాదు. అది నా హ్యాండ్‌బ్యాగులో, యాంటెనాకు దూరంగా ఉంటుంది. మిషిన్‌కి అక్కర్లేదు గానీ, నాలో ఉన్న ఆ పిరికి పిల్లకు ఇంకా కావాలి.