ఎవరి మాట వారిదేనన్న సుభద్ర

మంగళవారం ఉదయం సుభద్ర భర్త రామ్మోహన్‌గారు ఫోన్ చేసి, నిద్రలోనే ఆమె గుండె ఆగిపోయిందని చెప్పినప్పుడు, సిగ్గువిడిచి చెబుతున్నాను, ఆయనతో వాదించాను. "నిన్న సాయంత్రం నాతో మాట్లాడిందండీ. మీరు సరిగ్గా చూశారా?" అన్నాను. ముప్పయ్యేళ్లుగా ఆమె ఏమన్నా కాదనడానికి అలవాటుపడిన నోరు, ఆమె మరణాన్ని సైతం కాదనబోయింది. ఆ మహామౌనం ముందు నా వాదం తొలిసారి వీగిపోయింది.

కువైట్ తెలుగువారికి ఆమె ఆస్పత్రి ల్యాబులో నొప్పి తెలియకుండా రక్తం తీసే సుభద్రగారు. నాకు మాత్రం కోనసీమలోని మా డిగ్రీ కాలేజీ విద్యార్థి సంఘం అధ్యక్షురాలు. ఆ ఎన్నికలో ఆమెమీద పోటీ చేసి ఓడిపోయిన ఘనురాలిని నేనే. ప్రతి క్లాసులోనూ బల్లెక్కి ఉపన్యాసాలు దంచాను. సుభద్ర బల్లెక్కలేదు. చివరి బెంచీలో కూర్చుని "మీకేం కావాలర్రా?" అని అడిగింది. గెలిచిన మర్నాడు మా ఇంటికొచ్చి, "కార్యదర్శిగా ఉండవే. నన్ను తిట్టేవాళ్లు పక్కనే ఉంటే నాకు సుఖం" అంది. ఆమె ఔదార్యానికి అంతకన్నా నిదర్శనం నాకు తెలియదు.

ఆ ఏడాది నాగమణి అనే అమ్మాయికి హాజరు చాలలేదని హాల్‌టికెట్టు ఆపేశారు. ఆ పిల్ల గోదావరి దాటి పంటు మీద రావాలి. పంటు ఎప్పుడూ ఆలస్యమే, మొదటి పీరియడు ఎప్పుడూ పోయేదే. పరీక్ష తప్పితే చదువు మాన్పించేస్తామని ఇంట్లో చెప్పేశారు. ముగ్గురం ప్రిన్సిపాల్‌గారి గదిలోకి వెళ్లాం. "నువ్వే చెప్పు నాగమణీ" అంది సుభద్ర. ఆ పిల్ల గొంతు పెగల్లేదు. నాకు ఓపిక చాల్లేదు. మాటందుకుని, "పంటు నడపడం మీ ఉద్యోగం కాదు గానీ సార్, జాలిపడ్డం కూడా కాదా?" అనేశాను. ముగ్గురినీ బయటికి పొమ్మన్నారు.

వరండాలో నాగమణి వెక్కివెక్కి ఏడుస్తోంది. సుభద్ర నన్ను పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు నన్ను గుమ్మం బయటే నిలబెట్టి, ఆ పిల్లతో లోపలికెళ్లింది. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత నాగమణి గొంతు, సన్నగా: "పంటు రానిదే నేనెలా వస్తానండీ?" అంతే. హాల్‌టికెట్టు ఇచ్చారు. బయటికొచ్చాక సుభద్ర, "నీ నోరు మంచిదేనే. కానీ అది నీది" అంది. నేను వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

పెళ్లిళ్లయ్యాక విధి ఇద్దరినీ ఈ ఎడారి దేశంలో కలిపింది. సుభద్ర పద్ధతి ఇసుమంతైనా మారలేదు. మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇంట్లో పనిచేసే సత్యవతి, జమియా స్టోరులో సరుకులు కొనేటప్పుడు మాకు పరిచయమైంది. ఆమెకు నెలకొక శుక్రవారం సెలవు కావాలి. ఇంటి యజమానురాలిని, ఇక్కడి పిలుపులో 'మామా'ని, అడగాలంటే భయం. "నంబరివ్వు, ఆ మామాతో నేను మాట్లాడతాను, ఖలాస్" అన్నాను నేను. సుభద్ర నా చెయ్యి నొక్కింది. "మాట్లాడేసి నువ్వు కారెక్కి పోతావు. రేపట్నించీ ఆ ఇంట్లో ఉండాల్సింది ఆవిడ."

ఆనాటి నుంచి, కూరగాయల అరల మధ్య నిలబడి, సుభద్ర తానే మామా అయి కనుబొమలు ముడిచేది. సత్యవతి అరబ్బీలో అడగడం అభ్యాసం చేసేది. ఏడాది గడిచింది. ప్రతిసారీ "నోరు రాలేదండీ అక్కా" అంటూనే వచ్చేది. "అయితే మళ్లీ చెప్పు" అనేది సుభద్ర. "ఇంకెన్నాళ్లే?" అని నేను విసుక్కుంటే, "తనకి వచ్చేదాకా" అనేది. ఆ ఓర్పును చేతగానితనమన్నాను. ఇవాళ ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వినడానికి ఆమె లేదు.

మొన్న శుక్రవారం సంతాపసభలో మొదట మైకు నాకే ఇచ్చారు. నాలుగు కాగితాలు రాసుకుని వెళ్లాను. మొదటి వాక్యం చదవబోతూ తలెత్తితే, చివరి వరసలో సత్యవతి, చున్నీ కొంగుతో కళ్లొత్తుకుంటూ నిలబడి ఉంది. కాగితాలు మడిచేసి, ఆమెను పిలిచి మైకు చేతికిచ్చాను.

ఆమె మాట్లాడలేదు. సభలో జనం అసహనంగా కదిలారు. ఎవరో దగ్గారు. ముందు వరసలోని పెద్దమనిషి నాకేసి చూసి, "మీరు అందుకోండమ్మా" అన్నారు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగపట్టాను.

"మామాని అడిగొచ్చానండీ," అంది సత్యవతి చివరికి. "నేనే అడిగానండి."

ఆ సభలో అంతకుమించిన నివాళి ఎవరూ అర్పించలేదు. ఉద్ధరించే నాయకులకు మనలో కొదవలేదు. పక్కన నిలబడి, ఎదుటివారి గొంతు పెగిలేదాకా వేచి ఉండే నాయకురాలు మాత్రం మళ్లీ దొరకదు.

సుభద్రా, ఈసారి నేను మాటందుకోలేదే.