ఆయన చెరిపేసిన గళ్లు

కిందటేడు జరిగింది. రేపల్లె గ్రంథాలయంలో ఆదివారం పత్రికలోని గళ్లనుడికట్టును ఎవరో నాకంటే ముందే పెన్సిలుతో పూరించేస్తున్నారు. నేనైతే పదిమంది చదివే పత్రిక మీద రాయకుండా, గళ్లు నా నోటుపుస్తకంలో గీసుకుంటాను. ఒళ్లు మండి, ఓ ఆదివారం పెందలాడే వెళ్లి కాపు కాశాను. దొరికాడు. వలలు బాగుచేసే ముసలాయన.

"వలలు కుట్టుకునేవాడివి, నీకెందుకయ్యా నానార్థాలు?" అని అందరి ముందూ అరిచాను.

"తప్పేనండి. హరి అంటే సింహం, కోతి, కప్ప అని ఇన్ని అర్థాలుంటే సరదా పుట్టిందండి" అంటూ ఒక్కో గడినీ రబ్బరుతో చెరిపేసి వెళ్లిపోయాడు. అన్నీ సరైన జవాబులే.

ఇంటికి నడుస్తుంటే గుర్తొచ్చింది. బడి మొహం చూడని నేను, పదిహేనో ఏట తెనాలిలో ఓ పుస్తకాల కొట్లో నిఘంటువు తిరగేస్తుంటే, ఒక పెద్దమనిషి "కూలోడివి, నీకెందుకురా నిఘంటువు?" అని నవ్వాడు. ఆ కసితోనే చదువుకున్నాను.

పై ఆదివారం పత్రిక కొని, కొత్త పెన్సిలుతో ఆయన ఇంటికెళ్లాను. ఆయన వల మీంచి తలెత్తలేదు.

"వద్దులెండి అన్నగారూ. మనకెందుకండి అయ్యన్నీ."

మళ్లీ గ్రంథాలయానికి రాలేదు.

ఆ తెనాలి పెద్దమనిషిని ఇన్నేళ్లూ తిట్టుకుంటూనే ఉన్నాను. ఆయన మాటకు నా చదువు ఆగలేదు. నా మాటకు ఈయనది ఆగిపోయింది.