దూది తొక్కిన కచేరీ

పల్నాటి యుద్ధం మీద పుటలకు పుటలు రాసిన మన చరిత్రకారులు ఇమ్మానియేలు కాళ్ళ గురించి ఒక్క వాక్యమైనా రాయకపోవడం క్షమించరాని విషయం. శాసనాధారాలు లేవు గనక రాయలేదని సరిపెట్టుకోవచ్చు. కానీ చిలకలూరిపేటలో ఆయన వీధి రేషను షాపు ముందు నేలను చూసినవాళ్ళు ఆ మాట ఒప్పుకోరు. కిరసనాయిలు వరుసలో ఆయన ఎప్పుడూ నిలబడే చోట రెండు పాదాల మేర గుంట పడి ఉంటుంది. ఇమ్మానియేలు ఎక్కడ నిలబడినా ఊరికే నిలబడడు. కుడికాలు రెండుసార్లు, ఎడమకాలు ఒకసారి, ఆ పైన మడమలెత్తి ఒక చిన్న ఎగురు. ఇదీ క్రమం. 1962లో మొదలైన ఈ ఆచారం మరుసటేడు ఆయన పెళ్ళిలోనూ ఆగలేదు. ప్రమాణాలు చేయిస్తున్న పాస్టరుగారు పెళ్ళికొడుకు అర్జంటుగా బయటికి వెళ్ళాల్సిన అవసరంలో ఉన్నాడనుకుని, ప్రసంగంలో సగం మింగేశారని ఆయన భార్య వీరమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఈ ఆచారానికి పుట్టినిల్లు జిన్నింగు మిల్లు. పత్తిలోంచి గింజ తీసేశాక మిగిలిన దూదిని బేలు కట్టాలంటే, ముందు దాన్ని ప్రెస్సు తొట్టిలో పోసి, మనుషులు దిగి తొక్కాలి. నడుములోతు దూదిలో ఆరుగురు దిగుతారు. కాళ్ళు కలవకపోతే ఒకడి పాదం ఇంకొకడి పాదం మీద పడుతుంది, బేలు ఒక పక్కకు ఒరుగుతుంది, మేనేజరు తిట్లు ఆరుగురికీ సమానంగా పంచబడతాయి. అందుకని కుడి రెండు, ఎడమ ఒకటి, అందరూ కలిసి ఒక ఎగురు. ఇరవై నాలుగేళ్ళు తొక్కి తొక్కి ఇమ్మానియేలు తొక్కుడువాళ్ళకు పెద్ద అయ్యాడు. కాళ్ళు మాత్రం ఆయన మాట వినడం మానేశాయి.

ఆయన కూతురు జయకుమారి మిషను బడిలో రెండో తరగతికి పాఠాలు చెబుతుంది. ఆదివారం చర్చిలో డ్రమ్ములు వాయిస్తుంది. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ ఎక్కడ వచ్చిందంటే, పెళ్ళిళ్ళకు బ్యాండుమేళం నడిపే జాన్ బాషా కొత్త డ్రమ్ములు తెచ్చుకుంటూ పాత సెట్టును వాయిదాల మీద జయకుమారికి ఇచ్చేశాడు. అది వచ్చి రెండు గదుల ఇంట్లో ముందు గదిని ఆక్రమించింది. పగలంతా మిరపకాయల తొడిమలు తీసి, నడుము పట్టేసి ఇంటికొచ్చే వీరమ్మ కాళ్ళు చాపుకుందామంటే ఎదురుగా పెద్ద డ్రమ్ము. ఏడాదిపాటు ఆమె కాళ్ళు ముడుచుకునే పడుకుంది.

దానికి తోడు ఆ డ్రమ్ములతో వాయించేది కీర్తనలు కాదు. పోస్టాఫీసులో పనిచేసే జయరావుకు వాళ్ళ అన్నయ్య ఓడలో ఉద్యోగం చేస్తూ ఒక క్యాసెట్టు పంపాడు. దాని మీద పేరు లేదు. లోపల నలుగురు తెల్లకుర్రాళ్ళు ఎవరి మీదో విపరీతమైన కోపంతో అరుస్తుంటారు. ఒక్కో పాట రెండు నిమిషాలు, అంతే. ఈలోపల కరెంటు పోయే ప్రమాదం తక్కువ గనక పేటకు ఇంతకన్నా అనువైన సంగీతం లేదని జయరావు తీర్మానించాడు. అతను గిటారు, చర్చిలో పాడే రెబ్కా గొంతు, జయకుమారి డ్రమ్ములు. జట్టుకు 'త్రీ ఫేజ్' అని పేరు పెట్టుకున్నారు. కోపానికి కారణాలు వెతుక్కోనవసరం లేకపోయింది. రేషను షాపు మీద ఒక పాట కట్టారు, చెయ్యెత్తినా ఆగని బస్సు మీద ఒకటి కట్టారు.

1986 ఫిబ్రవరిలో గుంటూరులో ఒక కాలేజీవాళ్ళు ఇంగ్లీషు పద్ధతి బ్యాండ్లకు పోటీ పెట్టారు. జయకుమారి పేరు ఇచ్చివచ్చిన రోజున వీరమ్మ తీర్పు చెప్పింది.

"చూడమ్మాయ్, ఏదో ఒక బహుమతి తెస్తివా, ఆ డప్పులు ఈ ఇంట్లో ఉంటాయి. ఉత్తచేతులతో వస్తివా, అటునుంచి అటే జాన్ బాషా ఇంటికి పోతాయి. నా కాళ్ళు నేను చాపుకుంటా."

జయకుమారి తండ్రి వంక చూసింది. ఇమ్మానియేలు న్యాయస్థానం ముందు నిలబడ్డవాడిలా నేలచూపులు చూస్తూ, కుడి రెండు, ఎడమ ఒకటి తొక్కాడు. ఆయన అభిప్రాయం ఎటువైపో కాళ్ళను బట్టి ఎవరికీ తెలియలేదు. జాన్ బాషాకు కబురు పంపితే, తీసుకున్న వాయిదాలు తిరిగి ఇస్తానని, సామాను అన్యాయమైపోకుండా తానే స్వయంగా వస్తానని చెప్పాడు.

శనివారం మధ్యాహ్నం గుంటూరు గూడ్సు షెడ్డుకు బేళ్ళు వేసుకుపోయే లారీ మీద డ్రమ్ములు ఎక్కించారు. వాటితోపాటు ఇమ్మానియేలు, వీరమ్మ, జట్టులోని ముగ్గురు, తొక్కుడువాళ్ళు పద్నాలుగుమంది. బేళ్ళు దించేసి, తలల నిండా దూదితో, నెరిసిన మునుల సమూహంలా కాలేజీ మైదానంలోకి నడిచారు. గేటు దగ్గర జాన్ బాషా రిక్షా మాట్లాడుకుని, భుజాన చేంతాడంత మోకు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. చావు ఇంటి ముందు పాడె కట్టేవాడు నిలబడ్డట్టు నిలబడ్డాడని జయరావు అన్నాడు గాని, జయకుమారి నవ్వలేదు.

నాలుగు గంటలకు మొదటి బ్యాండు ఎక్కింది. మద్రాసువాళ్ళు. ఆ ఎండలో నల్లతోలు కోట్లు తొడుక్కున్నారు. మొదటి దెబ్బకే కుర్రకారంతా లేచి, తలంటుపోసుకున్న జుట్టు ఆరబెట్టుకుంటున్నట్టు తలలు విదిలించడం మొదలుపెట్టారు. ఒకడు చొక్కా విప్పి గిరగిరా తిప్పాడు. ఒకడు "చంపేశావు మామా" అంటూ నేల మీద పడి దొర్లాడు. వీరమ్మ పక్కన నిలబడ్డ కుర్రాడి చొక్కా నాలుగుచోట్ల చిరిగి, పిన్నీసులతో అతికించి ఉంది. ఆమె అతని భుజం తట్టింది.

"ఏం నాయనా, అమ్మ లేదా?"

"ఉందండి. చొక్కా ఆవిడ కుట్టిందే. నేనే చించుకున్నాను."

వీరమ్మ ఈ సమాధానాన్ని తన శక్తికి మించినదిగా గుర్తించి, సంచిలోంచి ఇంకొక పిన్నీసు తీసి ఇచ్చింది. అతను దాన్ని కాలరుకు పెట్టుకుని మహదానందపడ్డాడు.

ఇమ్మానియేలు మాత్రం స్టేజీని చూడడం లేదు, జనాన్ని చూస్తున్నాడు. బహుమతి ఇచ్చేది న్యాయనిర్ణేతలే అయినా, ఇప్పించేది జనం గోలే గదా. కూతురి వంతు వచ్చేసరికి ఏ అరుపు మెప్పో, ఏ అరుపు ఎగతాళో తెలుసుకోవాలని ఆయన పట్టుదల. ఎంత చూసినా రెండూ ఒక్కలాగే కనపడ్డాయి. జాన్ బాషాను అడిగితే, ముప్పై ఏళ్ళ వృత్తి అనుభవంతో పెదవి విరిచాడు. "సన్నాయి లేదు, పెళ్ళికొడుకు లేడు. ఎవరి కోసం వాయిస్తున్నట్టన్నా వీళ్ళు?"

రెండో బ్యాండు బెజవాడవాళ్ళది. వాళ్ళ పాట మధ్యలో స్టేజీ ముందు కుర్రాళ్ళు ఒకరినొకరు భుజాలతో పొడుచుకోవడం, తోసుకోవడం మొదలైంది. తొక్కుడువాళ్ళు అది చూశారు. నలుగురున్న చోట తగువు జరుగుతుంటే చూస్తూ నిలబడడం మిల్లు మర్యాద కాదు. పద్నాలుగుమందీ గుంపులోకి చొరబడి, "ఊరుకోండి బాబూ, చదువుకున్నవాళ్ళు, ఊరుకోండి" అంటూ జంటలు జంటలుగా విడదీశారు. ఇద్దరిని రెక్కలు పట్టుకుని తీసుకొచ్చి, వేప చెట్టు కింద చెరో మూల కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, తగువు దేని గురించని విచారించారు. తాము ప్రాణస్నేహితులమని ఇద్దరూ మొత్తుకున్నారు. అయితే మరీ తప్పు కదా అని పెద్దలు మందలించారు.

ఇంతలో స్టేజీ మీద బెజవాడ కుర్రాడు గిటారు ఎత్తి నేలకేసి కొట్టాడు. మొదటి దెబ్బకు పగల్లేదు. రెండో దెబ్బకూ లేదు. మూడోసారికి విరిగింది. మైదానం హోరెత్తిపోయింది. జాన్ బాషా గుండె పట్టుకుని కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని, తన పాత డ్రమ్ముల దిక్కు చూస్తూ, వాటినైనా త్వరగా ఇంటికి చేర్చుకోవాలన్నాడు.

అయిదూ నలభైకి త్రీ ఫేజ్ ఎక్కింది. చీరకొంగు నడుముకు బిగించి డ్రమ్ముల వెనక కూర్చున్న పంతులమ్మను చూసి మైదానంలో వెనకనున్నవాళ్ళు మునివేళ్ళ మీద లేచారు. ఆ వెంటనే ఈలలు. ఇమ్మానియేలు మళ్ళీ జనం మొహాలు వెతికాడు. ఇది మెప్పా, ఎగతాళా? రేషను షాపు పాట గడిచింది. బస్సు పాట అందుకున్నారు. 'ఆగదు ఆగదు మన బస్సు' అని రెబ్కా అరిచింది. రెండోసారికి కుర్రాళ్ళు కూడా అరిచారు. మూడోసారి అరవబోతుండగా కరెంటు పోయింది.

గిటారు మూగబోయింది. మైకు చచ్చిపోయింది. ముందు వరుసలో కూర్చున్న ముగ్గురు న్యాయనిర్ణేతలు వాచీలు చూసుకుని, టీ తాగి వద్దామని లేచారు. గుంపు వెనకనుంచి ఎవడో అయిపోయిందిరా అన్నాడు. జాన్ బాషా భుజం మీది మోకు సర్దుకున్నాడు.

జయకుమారి ఆపలేదు. డ్రమ్ముకు కరెంటుతో పనేముంది. గిటారు గోల అడ్డు తొలగిన ఆ నిశ్శబ్దంలో దెబ్బలు విడివిడిగా, స్పష్టంగా వినబడ్డాయి. ధన్ ధన్, ధక్, ఆపైన ఒక పెద్ద ధాం.

ఇమ్మానియేలు కాళ్ళు ఆయన కంటే ముందు గుర్తుపట్టాయి. కుడి రెండు, ఎడమ ఒకటి, ఎగురు. చిన్నప్పుడు క్యారియరు తీసుకుని మిల్లుకొచ్చి, తండ్రి తినడానికి పైకెక్కేదాకా ప్రెస్సు తొట్టి పక్కన గోనెల మీద కూర్చునేది ఆ పిల్ల. ఏం చేస్తోంది అక్కడ ఇంతసేపు అని వీరమ్మ కేకలేసేది. ఏం చేసిందో ఇప్పుడు తెలిసింది. ఇమ్మానియేలు పక్కనున్న హయాత్ మొహం చూశాడు. పదేళ్ళుగా ఒకే తొట్టిలో తొక్కుతున్న హయాత్ అప్పటికే తొక్కుతున్నాడు. "మన తొక్కుడే గదన్నా ఇది" అన్నాడు తొక్కుతూనే.

పద్నాలుగు మందీ వలయం కట్టారు. మధ్యలో ఇమ్మానియేలు. కుడి రెండు, ఎడమ ఒకటి, అందరూ కలిసి ఒక ఎగురు. వాళ్ళ తలల్లోని దూది పింజలు పింజలుగా గాల్లోకి లేచింది. వేప చెట్టు కింది నేరస్థులిద్దరూ మొదట పరుగెత్తుకొచ్చారు. వాళ్ళ వెనక పిన్నీసుల కుర్రాడు. ఆ తర్వాత లెక్క తెలియలేదు. కుర్రాళ్ళు ఎగరడం బాగానే ఎగిరారు గాని దిగడం రాలేదు. ఇమ్మానియేలుకు పనిలో అశ్రద్ధ గిట్టదు. గుంపులో కలయదిరుగుతూ ఒక్కొక్కణ్ణీ సరిదిద్దాడు.

"ఎగిరితే చాలదు బాబూ. కింద నడుములోతు దూది ఉందనుకుని దిగాలి. మడమతో అణచాలి. ఆఁ, అట్లా. నువ్వు రేపట్నుంచి పనిలోకి రావచ్చు."

ముప్పావుగంట సాగింది. మైకు లేకపోయినా బస్సు ఆగదని నాలుగైదు వందల గొంతులు చెప్పాయి. బస్సు పాట రెండు నిమిషాల పాటన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. నేల అదురుకు స్టేజీ బల్లలు కదిలి, పెద్ద డ్రమ్ము అంగుళం అంగుళం ముందుకు జరిగి, అంచుకు వచ్చింది. అది చూసిన జాన్ బాషా గుంపును చీల్చుకుని స్టేజీ ఎక్కాడు. తీసుకుపోవడానికి వచ్చాడనుకుని జయకుమారి దెబ్బ తడబడబోయింది. ఆయన మోకు విప్పి, డ్రమ్మును వెనక స్తంభానికి మూడు చుట్లు చుట్టి బిగించి కట్టి, "ఇప్పుడు కొట్టమ్మా, ఎంత గట్టిగా కొడతావో కొట్టు" అని, అక్కడే గొంతుక్కూర్చుని తొడ మీద తాళం వేయసాగాడు.

వీరమ్మ కూడా తొక్కింది. తిమ్మిరెక్కి కాళ్ళు విదిలించుకున్నానని తర్వాత చెప్పింది గాని, విదిలింపు కుడి రెండు, ఎడమ ఒకటిగా ఉండటానికి ఆమె దగ్గర వివరణ లేదు.

ఆరున్నరకు కరెంటు వచ్చింది. దాని వెనకే టీ ముగించుకుని న్యాయనిర్ణేతలు వచ్చారు. మైదానమంతా ఎందుకు ఆయాసపడుతోందో వాళ్ళకు అర్థం కాలేదు. మైకు పనిచేస్తోందని తేల్చుకుని ఫలితాలు చదివారు. మొదటి బహుమతి మద్రాసు. రెండో బహుమతి బెజవాడ. మూడో బహుమతి, ఒక స్టీలు టిఫిను క్యారియరు, త్రీ ఫేజ్. కాలేజీ గోడ మీది పావురాలన్నీ లేచిపోయేంత గోల చేశారు కుర్రాళ్ళు. ఈసారి అది మెప్పేనని ఇమ్మానియేలుకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

స్టేజీ దిగి వచ్చిన జయకుమారి క్యారియరును తల్లి చేతిలో పెట్టింది. వీరమ్మ మూతలు తీసి నాలుగు గిన్నెలూ చూసింది. అడుగున గోటితో కొట్టి చూసింది. మందమైన స్టీలే.

"ఏదో ఒక బహుమతన్నాను. తెచ్చావు. మాటంటే మాటే," అని, లారీలో డ్రమ్ములు జాగ్రత్తగా ఎక్కించమని జాన్ బాషాను కేకేసింది. ఆయన మాట్లాడుకున్న రిక్షాలో ఆయనే ఒంటరిగా బస్టాండుకు వెళ్ళాడు.

మర్నాడు ఆరాధన చివర పాస్టరుగారు, మద్రాసు, బెజవాడ పట్టణాలతో తలపడి మన సంఘపు బిడ్డ మూడో స్థానం సాధించిందని ప్రకటించారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. సోమవారం మిల్లులో మేనేజరు సైతం ఇమ్మానియేలుకు చెయ్యి కలిపి, పై ఏడాది ఇంకా పైకి రావాలని దీవించాడు. ప్రశంసాపత్రం అద్దం కట్టి ముందు గదిలో, డ్రమ్ములకు పైన, తలుపు తీయగానే కనబడేట్టు తగిలించారు. అందులో తేదీ ఉంది, ప్రిన్సిపాలు సంతకం ఉంది, తృతీయ బహుమతి అని ఎర్రసిరాతో ఉంది.

పోటీకి వచ్చినవి మూడు బ్యాండ్లు.