పాత స్పీకరు అయస్కాంతం

రిపేరు బాబాయి చేతికి ఆగిపోయిన ఫ్యాను ఇచ్చి చూడండి, విప్పకముందే రోగం చెప్పేస్తాడు. మిక్సీ కానీ ఇస్త్రీపెట్టె కానీ ఆయన ముందుకొచ్చిందంటే బుద్ధిగా దారికి రావాల్సిందే. అంతటి మనిషికీ ఇంట్లో ఇల్లాలి జబ్బు మాత్రం అంతుపట్టలేదు. విప్పి చూద్దామంటే స్క్రూలు ఎక్కడున్నాయో తెలియదాయె!

ఆవిడ బట్టలు కుడుతుంది. ముందుగది ఆవిడ కొట్టు, వెనక వరండా ఆయన కొట్టు. చంటిపిల్లల బట్టలకు ఆవిడది పెట్టింది పేరు. ఓ రోజు గౌను కుడుతుంటే మిషను సూది పుటుక్కున విరిగింది. ఒక ముక్క దొరికింది, మొన దొరకలేదు. ఇద్దరూ కలిసి గదంతా జల్లెడ పట్టగా, అది మిషను అడుగున నూనె మడ్డిలో తేలింది. రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే సరిగ్గా అతికాయి. అక్కడితో కథ అయిపోవాలా? అయిపోలేదు.

"ఏమండీ, ఆ గౌనులో ఏమీ లేదు కదా?" అంది సాయంత్రం.

"నీ కళ్లముందే దొరికింది కదే!"

"దొరికిందనుకోండి. ఇంకో ముక్క ఉండుంటే?"

"ఒక సూదికి ఎన్ని ముక్కలుంటాయే తల్లీ!" అని నవ్వేశాడు బాబాయి. ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. ఆవిడ కుట్టిన ప్రతి బట్టా తడిమి చూడటం మొదలుపెట్టింది. ఆ తర్వాత కుట్లు విప్పి చూడటం. ఆ తర్వాత ఇచ్చేసిన బట్టలు వెనక్కి అడగటం. పసిబిడ్డ ఒంట్లో సూది దిగినట్టు కళ్లకు కడుతోందట, అదంతా తన పాపమేనట. "మా వాడి ఒంటిమీద చొక్కా విప్పించి మరీ పట్టుకుపోయింది. మీ ఆవిడకేమైంది?" అని పక్కవీధి టీచరమ్మ మొహం మీదే అడిగేసింది. బాబాయికి తల కొట్టేసినట్టయింది.

అప్పుడు చూపించాడండీ తన తెలివి! పాత స్పీకరు విప్పి, అందులో అయస్కాంతం పీకి, శుభ్రంగా తుడిచి ఆవిడ చేతిలో పెట్టాడు. "బట్ట మీద దీన్ని ఆడించు. ఇనుప రజనున్నా పట్టేస్తుంది. నీ భయం పీడ ఇవాళ్టితో విరగడైపోయినట్టే."

ఒక పూట ఆవిడ మొహం తేటపడింది. మర్నాడు, "దీనికి పట్టు తగ్గిందేమో చూడండి" అంది. ఆయన మేకు పెట్టి చూపించాడు. "చంక దగ్గర తిప్పడం మర్చిపోయానేమో" అంది. ఆయనే తిప్పాడు. చివరికి ఫ్యాన్లన్నీ మూలన పడేసి, బాబాయి పొద్దస్తమానం అయస్కాంతం తిప్పుతూ "లేదు, ఒట్టు, లేదంటే లేదు" అంటూ కూర్చునే స్థితికొచ్చాడు. ఆయన ఎంత చెబితే ఆవిడ అంత అడిగేది. ఇదేం లెక్కో ఆయన బుర్రకెక్కలేదు.

ఓ రోజు ఆవిడ మిషను మీద దుప్పటి కప్పేసింది. "నేనిక కుట్టనండీ. ఏ బిడ్డ ప్రాణమో తీసేస్తాను" అని వెక్కివెక్కి ఏడ్చింది. కూతురి బిడ్డకు మొదటి గౌను తనే కుట్టాలని ఎన్నాళ్లుగానో మురిసిపోయిన మనిషి! ఆ గౌను బట్ట మడత విప్పకుండా బీరువాలోనే ఉండిపోయింది. 

కూతురే ఇద్దర్నీ మానసిక వైద్యురాలి దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ అంతా ఓపిగ్గా వింది.

"దీన్ని ఓసీడీ అంటారు. వద్దనుకున్న ఆలోచనే పదేపదే వస్తుంది, ఆ భయం తీరడానికి మనుషులు మళ్లీమళ్లీ చూసుకుంటారు. ఆలోచన వచ్చినంత మాత్రాన మీరేదో చేసేస్తారని కాదమ్మా" అని ఆవిడతో చెప్పి, బాబాయి వైపు తిరిగింది. "ఆవిడ అడిగితే మీరేమంటారు?"

"లేదంటానమ్మా. మరేమంటాను?"

"ఇక అనకండి."

బాబాయి బిత్తరపోయాడు.

"మీరు లేదంటే ఆవిడకి కాసేపు హాయిగా ఉంటుంది. ఆ హాయి కోసమే మళ్లీ అడుగుతారు, అనుమానం ఇంకా బలుస్తుంది. మందులిస్తాను, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. దాంతోపాటు చూసుకోకుండా ఉండటం కొద్దికొద్దిగా అలవాటు చేద్దాం. ముందు తువ్వాళ్లు, తర్వాత పెద్దవాళ్ల బట్టలు, ఆఖర్న పసివాళ్లవి. భయం వస్తుంది, రానివ్వండి. చూడకపోయినా తట్టుకోగలనని మెల్లగా తెలిసొస్తుంది. అడిగితే మీరు ప్రేమగానే 'ఏమో, నాకు తెలీదు' అనండి. ఆ అయస్కాంతం కూడా పారేయండి. ఏమ్మా, మీకిష్టమేనా?"

ఆవిడ తలూపింది. బాబాయి ఊపలేదు.

బయటికి రాగానే కూతురి మీద విరుచుకుపడ్డాడు. "ఇదేం వైద్యమే! అది ఏడుస్తుంటే నేను ఏమో అనాలా? వేడెక్కిన మోటారుని ఆపుతారు గానీ ఇంకా తిప్పుతారా ఎవరైనా?"

"అమ్మ మోటారు కాదు నాన్నా" అంది కూతురు.

ఆవిడ మొదటి తువ్వాలు అంచు కుట్టి, "లేదు కదండీ?" అంది. "ఏ... ఏమో. నాకు తెలీదు" అనేసి, ఆ మొహం చూడలేక బాబాయి వరండాలోకి పారిపోయి బాగున్న ఫ్యానునే విప్పేశాడు. తను చేసింది మేలో ద్రోహమో ఆయనకే అర్థం కాలేదు. ఒక్కోసారి మనసాగక "లేదులేవే" అనేవాడు. అప్పుడు ఆవిడే కస్సుమనేది. "అనొద్దన్నారు కదండీ!"

"అడిగేదీ నువ్వే, తిట్టేదీ నువ్వే! నన్నేం చేసి చావమంటావే?"

అడగడం పూర్తిగా పోలేదు గానీ పలచబడింది. తువ్వాళ్లయ్యాయి, జాకెట్లయ్యాయి. ఓ పొద్దున బీరువాలో బట్ట మిషను మీదికొచ్చింది. గౌను పూర్తయింది. తడమలేదు, విప్పలేదు. ఆదివారం కూతురు బిడ్డతో వచ్చింది. అమ్మమ్మ గౌను తొడిగింది.

తొడిగిందో లేదో, బిడ్డ కెవ్వుమంది.

బాబాయి గబుక్కున లేచాడు. ఏమో, నిజంగానే ఉందేమో! డాక్టరమ్మ వద్దన్న అయస్కాంతం, పారేశానని చెప్పిన అయస్కాంతం, ఎలా వచ్చిందో ఆయన జేబులోంచి చేతిలోకి వచ్చేసింది.

"ఒసేయ్, అందులో ఏమీ లేదు కదా?" అన్నాడు.

ఆవిడ నుదుటి నిండా చెమట. అయస్కాంతాన్ని చూసింది, ఆయన్ని చూసింది. గౌను జోలికి పోకుండానే బిడ్డనెత్తి భుజాన వేసుకుంది.

"ఏమోనండీ. నాకు తెలీదు" అంది.

బిడ్డ ఏడుస్తూనే ఉంది. నవ్వాలో ఏడవాలో బాబాయికి తెలియలేదు. ఇన్నాళ్లూ ఈవిడ మోస్తున్నది ఈ భయాన్నేనా అనుకున్నాడు. అయస్కాంతం తీసుకెళ్లి కూతురి సంచీలో పడేశాడు.

"దీన్ని మీ ఇంటికి పట్టుకుపోవే" అన్నాడు. "ఇక్కడుంటే నేనాగలేను."