ఆవిరి ఎక్కని ఇంజిను

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. కాకినాడలో మా ఇంటికి వెళ్ళే దారి శ్మశానం పక్కనుంచే. పెళ్ళైన కొత్తలో ఆ దారినే ఒక్కదాన్నే నీళ్ళు మోసుకొచ్చేదాన్ని. నా కంటికి అక్కడ కుక్కలు తప్ప ఏమీ కనపడలేదు. అందుకే ఇది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

మా ఆయన కాకినాడ రేవులో, పెద్ద ఓడల్ని లాగే స్టీమ్ టగ్గు మీద ఇంజినుకు నూనె పోసే పని చేసేవారు. బేరింగులు వేడెక్కాయేమో చేతి వెనక భాగం ఆనించి చూడాలట. అరచేతులు కాయలు కాసి ఉంటాయి కనక వేడి సరిగా తెలియదట. ఇంట్లోనూ అదే అలవాటు. నాకు ఒళ్ళు వెచ్చబడిందంటే చేతి వెనక భాగమే నుదుటికి ఆనించి, “వేడెక్కింది, నూనె పడాలి” అని కొబ్బరినూనె తెచ్చి మాడుకు అద్దేవారు.

“నేనేమన్నా ఇంజిన్నా?” అని కసురుకునేదాన్ని.

ఇప్పుడు పరాయి దేశంలో, గ్వెల్ఫ్ అనే ఊళ్ళో మా అమ్మాయి సుజాత దగ్గర ఉంటున్నాం. నేను అక్షరాలు నేర్చుకున్నది ఇక్కడే, అరవై దాటాక. ముందు అమ్మాయి దగ్గర తెలుగు, తర్వాత లైబ్రరీలో ఇంగ్లిషు. నాకు చదవడం వచ్చే వేళకి ఆయనకు మరుపు మొదలైంది. నిరుడు నా పేరు కూడా పోయింది. “అమ్మా, మా ఆవిడ ఎటు వెళ్ళిందో చూశారా?” అని నన్నే అడిగేవారు, ఎంతో మర్యాదగా. వస్తుందిలెండి అనేదాన్ని. ఒక్కసారి ఆయన నోట నా పేరు వింటే చాలనిపించేది.

పోయిన వేసవిలో సుజాత మమ్మల్ని సరస్సు ఒడ్డునున్న ఒక ఊరికి తీసుకెళ్ళింది. అక్కడ ఒకప్పుడు ఓడల ఆవిరి ఇంజిన్లు తయారుచేసిన కార్ఖానా ఉంది. ఇప్పుడది మ్యూజియం. ఇంజిను చూస్తే నాన్నకు ఏమైనా గుర్తొస్తుందేమోనని దాని ఆశ.

గోడ మీది బోర్డు కూడబలుక్కుని చదువుతూ ఆయనకు తెలుగులో చెప్పాను. మొదట్లో అక్కడ నాగళ్ళు, పొయ్యిలు పోతపోసేవారట. తర్వాత సరస్సుల మీద గోధుమలు మోసే ఓడలకు ఇంజిన్లు చేశారు. యుద్ధం రోజుల్లో మగవాళ్ళు సైన్యానికి వెళ్తే ఆడవాళ్ళు లేతు మిషన్ల దగ్గర నిలబడ్డారట. డీజిలు వచ్చాక పని తగ్గి, చివరికి మూతపడింది.

“అమ్మా, బోర్డంతా చదివేస్తావా ఏంటి? పార్కింగ్ టైమ్ అయిపోతుంది.”

“నీ ఎక్కాలు నేను ఎన్నేళ్ళు విన్నానే? కాసేపు నువ్వు విను.”

హాలు మధ్యలో మూడు సిలిండర్ల ఇంజిను, రెండంతస్తుల ఎత్తున ఉంది. మ్యూజియం ఆవిడ దాని సంగతి చెబుతుంటే సుజాత మాకు తెలుగులో చెప్పింది. యుద్ధం ముగియడంతో ఆ ఇంజినుకు అనుకున్న ఓడ కట్టనేలేదట. పాపం, ఇది ఇక్కడే ఉండిపోయింది. ఒక్కసారి కూడా దీనిలోకి ఆవిరి ఎక్కలేదు.

ఆయన నా చెయ్యి వదిలించుకుని, అడ్డం కట్టిన తాడు దాటి వెళ్ళిపోయారు.

“నాన్నా, టచ్ చేయకూడదు!” అని సుజాత అరిచింది.

ఆయన వినలేదు. పెద్ద రాడ్డు చివరనున్న ఇత్తడి బేరింగుకు చేతి వెనక భాగం ఆనించారు. తీశారు. మళ్ళీ ఆనించారు. ఆయన ముఖంలోకి ఎప్పటిదో ఒక శ్రద్ధ వచ్చింది.

నేను ఆయన్ని వెనక్కి లాగబోయి, ఆసరాకు అదే ఇత్తడి మీద చెయ్యి వేశాను. పొయ్యి మీంచి దించిన గిన్నెలా వేడిగా ఉంది. పక్క బేరింగు చల్లగా ఉంది. సుజాతను ముట్టుకోమన్నాను. అది చటుక్కున చెయ్యి తీసేసి నా వైపు చూసింది. మ్యూజియం ఆవిడ కూడా ముట్టుకుని, ఎండ ఎక్కడినుంచి పడుతోందా అని తల తిప్పింది. ఆ పక్కన కిటికీ లేదు. హీటరు పైపులూ లేవు.

అప్పుడు ఆయన నా వైపు తిరిగి, అదే చేతిని అలాగే నా నుదుటికి ఆనించారు.

“మాడు కాలిపోతోంది సత్యవతీ. నూనె పెట్టుకోలేదా?”

లేదని తల ఊపాను.

“చెప్తే వినవు కదా” అని విసుక్కున్నారు. ఆ విసుగు ఎంత బాగుందో చెప్పలేను.

కారెక్కాక సుజాత నా నుదురు చూపించింది. నల్లటి మరక. కొంగుతో తుడుచుకుంటే, ఒకప్పుడు ఆయన ఖాకీ చొక్కాలు ఉతికేటప్పుడు వచ్చిన నూనె వాసనే వచ్చింది. తర్వాత సుజాత మ్యూజియానికి ఫోన్ చేసింది. ఆ ఇంజినుకు నూనె పెట్టరట. తుప్పు పట్టకుండా మైనం పూస్తారట, అంతే.

సుజాత మొదట్లో ఏవేవో కారణాలు వెతికింది. ఇప్పుడు మానేసింది. ఆ ఇత్తడి ఎందుకు వేడెక్కిందో, ఆయన చేతికి నూనె ఎక్కడిదో నాకూ తెలియదు. ఆయన మళ్ళీ నా పేరు పలకలేదు. మా ఆవిడను చూశారా అనే అడుగుతున్నారు.

నేను మాత్రం రోజూ స్నానం కాగానే మాడుకు నూనె పెట్టుకుని ఆయన పక్కన కూర్చుంటాను. మళ్ళీ అడిగితే, పెట్టుకున్నానండీ అని చెప్పాలి కదా.