అయిదో ముఖం

కరోనా తగ్గి అంగన్‌వాడీ కేంద్రాలు మళ్లీ తెరుచుకున్న ఏడాది, వానకాలం మొదట్లో నన్ను సిర్గాపూర్ వైపు నుంచి కంగ్టి వైపు సెక్టార్‌కు మార్చారు. నేను సూపర్‌వైజర్‌ని. సెక్టార్ అంటే పాతిక దాకా కేంద్రాలు. ఒక్కో కేంద్రానికి ఒక టీచర్, ఒక ఆయా. వాళ్ల పైన నేను, నా పైన నారాయణఖేడ్ ప్రాజెక్టు ఆఫీసులో కూర్చునే సీడీపీఓ మేడం. రిటైర్‌మెంట్‌కు అప్పటికింకా రెండేళ్లుంది. సర్వీసంతా గట్టి మనిషినన్న పేరు మోశాను. ఆ పేరంటే నాకు ఇష్టం కూడా.

గర్భిణులకు మధ్యాహ్నం ఒక పూట భోజనం కేంద్రంలోనే పెట్టాలి. అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు. ఇంటికి పట్టుకుపోతే ఆమె నోట్లోకి ఎంత పోతుందో అందరికీ తెలిసిందే, అందుకే అక్కడే కూర్చోబెట్టి తినిపించాలి. పెట్టినట్టు రుజువుగా టీచర్ రోజూ ఒక ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. మామూలు ఫొటో కాదు. కింద ఊరి పేరు, మండలం, మ్యాపు, తేదీ, టైము అచ్చుపడే యాప్‌తో తీసింది. నిన్నటి ఫొటో ఇవాళ పెట్టి మాయ చేసిన టీచర్లను నేను చాలామందిని చూశాను. అందుకని మా సెక్టార్‌లో ఇంకో షరతు పెట్టాను. పళ్లాలు ఒక్కటే కాదు, తినేవాళ్ల ముఖాలు కూడా కనబడాలి.

రాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో శశికళ అనే టీచర్ ఉండేది. ఊరి పేరు ఇప్పటికీ రాయను. పనిలో వంక పెట్టడానికి లేదు, కానీ రిజిస్టర్‌లో అయిదుగురు గర్భిణులుంటే ఆమె ఫొటోలో ఎప్పుడూ నలుగురే. మా ఉద్యోగంలో కనబడని ముఖం అంటే దొంగ పేరు. ఆ అయిదో గుడ్డు టీచర్ ఇంటికి పోతోందని అర్థం. పది రోజులు చూసి ఫోన్ చేశాను.

“ఆమె రోజు తింటది మేడం. ఫొటో అంటేనే సిగ్గుపడ్తది,” అంది శశికళ.

“రోజూ సిగ్గేనా? రేపు అయిదు ముఖాలు కనబడాలె. లేకుంటే మెమో రెడీగున్నది,” అన్నాను. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. టీచర్లకు దాని పేరు చెబితే చాలు, గుండె దడ.

మర్నాడు అయిదు ముఖాలూ వచ్చాయి. అయిదో ఆమె చెంగు నెత్తిమీదికి లాక్కుని పళ్లెంలోకి చూస్తోంది, అయినా ముఖం స్పష్టంగానే ఉంది. నేను గెలిచాననుకున్నాను. ఆ రోజు నారాయణఖేడ్‌లో మా నెలవారీ మీటింగు. అందరూ వరసగా కూర్చుని తింటున్న ఆ ఫొటో ముచ్చటగా ఉందని, ‘మా సెక్టార్, అందరూ హాజరు’ అని రాసి నా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాను. తోటి సూపర్‌వైజర్లు చూడాలనే పెట్టాను. గొప్పకు పోయాను, దాచేదేముంది!

గంట తిరక్కముందే శశికళ ఫోన్. మీటింగు గది బయటికి వచ్చి ఎత్తాను.

“మేడం, జల్దీ గా ఫొటో తీసెయ్యుండ్రి. మీ కాళ్లు మొక్కుత. గామె మొగని దగ్గర మీ నంబరున్నది!”

అప్పుడు బయటపడింది సంగతి. ఆ అమ్మాయి పేరు సుమిత్ర అనుకుందాం, అసలు పేరు వేరు. ఏడో నెల. మొగుడు తాగి కొట్టేవాడు. ఒకసారి చెయ్యి విరగ్గొట్టాడు. ఈసారి కడుపు మీద తన్నబోతే తప్పించుకుని, హైదరాబాద్‌లో కూలికి పోయినప్పుడు తనతో పనిచేసిన ఒకామె ఇంట్లో వచ్చి దాక్కుంది. అతను చుట్టాల ఇళ్లన్నీ వెతికాడు గానీ ఈ ఊరు అతని ఊహలో లేదు. అతనిది సిర్గాపూర్ వైపు కేంద్రాలకు కాంట్రాక్టర్ తరఫున గుడ్లు చేరవేసే ట్రాలీ ఆటో. నా పాత సెక్టార్‌కు వచ్చిపోయినవాడే. పేరు నాకు గుర్తు లేదు, నా ఫోన్‌లో ‘గుడ్ల బండి’ అని ఉంటాడు.

“నాకెందుకు చెప్పలే?” అని అరిచాను.

“ఎవ్వలకు చెప్పనని ఒట్టు పెట్టించుకున్నది మేడం. అయినా చెప్దామనుకున్న, మీరు మెమో అంటిరి,” అంది.

ఫోన్ పెట్టేసి స్టేటస్ తెరిచాను.

మన స్టేటస్ ఎవరెవరు చూశారో అందులోనే పేర్లు కనబడతాయి. ఆ జాబితా పైనుంచి కిందికి చూశాను. ‘గుడ్ల బండి’ లేదు. మళ్లీ చూశాను, లేదు. అమ్మయ్య అనుకుని ఫొటో తీసేశాను. పక్కనే ఉండి అంతా విన్న మా ఆఫీసు కంప్యూటర్ ఆపరేటర్ మంజుల మాత్రం ఊరుకోలేదు.

“ఆగుండ్రి మేడం. బ్లూ టిక్కులు బంద్ పెట్టుకున్నోళ్లు చూసినా పేరు రాదు. ఆయనకు మీరు పెట్టిన పాత మెసేజులు తియ్యుండ్రి,” అంది.

తీశాను. ‘బండి ఎక్కడిదాకా వచ్చింది’ అని నేను అడిగినవి, ‘వస్తున్న మేడం’ అని అతను జవాబిచ్చినవి ఉన్నాయి. జవాబిచ్చాడంటే చదివినట్టే కదా. కానీ నా మెసేజుల పక్కన టిక్కులు ఒక్కటీ నీలం కాలేదు. అంటే ఆ జాబితాలో అతని పేరు లేకపోవడం దేనికీ రుజువు కాదు.

మీటింగు మధ్యలోనే లోపలికి పోయి సీడీపీఓ మేడంకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నాకంటే చాలా చిన్నది. “తిట్టుడు తర్వాత తిడ్త. ముందుగాల జీపెక్కుండ్రి. పోలీసులకు, షెల్టరుకు నేను చెప్త,” అంది. ఫొటోలో ఉన్నది కేంద్రం కాబట్టి సుమిత్రను ఆ చుట్టుపక్కల ఉంచవద్దని, తన ఇంటి వెనక గదిలో కూర్చోబెట్టమని శశికళకు ఫోన్‌లో చెప్పాను. నారాయణఖేడ్ నుంచి ఆ ఊరు చేరేదాకా ఎదురొచ్చిన ప్రతి ట్రాలీ ఆటోనూ మెడ తిప్పి చూశాను.

సుమిత్ర బట్టల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడవలేదు. నన్ను చూసి ఒకటే అడిగింది.

“నా మొఖం తోని మీకేం పనిపడ్డది మేడం? తిన్న పళ్లెం సూపిస్తే సాలదా?”

“తప్పయింది బిడ్డా,” అన్నాను. ఆమె సంచీ చంకన పెట్టుకుని జీపెక్కింది. దారిలో ఆమె ఫోన్‌లో లొకేషన్ ఆఫ్ చేయించాను. ఆ బుద్ధి స్టేటస్ పెట్టేటప్పుడే ఉండాల్సింది. పొద్దుగూకకముందే జిల్లా కేంద్రంలో మహిళల షెల్టరులో అప్పగించాం. ఎక్కడికి చేర్చామో అంగన్‌వాడీ రిజిస్టర్‌లో రాయలేదు, అక్కడి ఆయా చంద్రమ్మకు కూడా చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఆ చంద్రమ్మే ఫోన్ చేసింది.

“మేడం, ఒకడు బండి మీదొచ్చిండు. ఫోన్ల మన సెంటర్ ఫొటో సూపిస్తుండు. ‘ఈమె ఏడుంది’ అని అడిగిండు. నిన్ననే పోయింది, ఏడికి పోయిందో మాకెర్క లేదన్న. ఇల్లిల్లు తిరిగి, నన్ను రెండు తిట్లు తిట్టి పోయిండు.”

అంటే చూశాడు. నేను తీసేసేలోపే స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాడు. ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాను. దేవుడా, ఒక్క పూట! ఆ జాబితా చూసి నిబ్బరంగా మీటింగులో కూర్చుని ఉంటే? భయం, సంతోషం రెండూ కలిసి వచ్చి, ఆఫీసులో అందరి ముందూ ఏడ్చేశాను. తర్వాత పోలీసులు అతన్ని పిలిపించి బైండోవర్ చేశారు, అంటే ఆమె జోలికి వెళ్లనని పూచీకత్తు రాయించుకున్నారు.

మెమో వచ్చింది, శశికళకు కాదు, నాకు. సంజాయిషీ రాయడానికి, ఫొటోల గురించి పైనుంచి వచ్చిన పాత ఆదేశం తీసి చదివాను. పళ్లాలు, కేంద్రం బోర్డు కనబడాలని ఉంది. ముఖాలన్న మాట ఎక్కడా లేదు. అది నేను కలిపింది. అలాగే రాసిచ్చాను.

వానలు తగ్గుముఖం పట్టాక సుమిత్ర జిల్లా దవాఖానలో ప్రసవించింది. తల్లీ బిడ్డా క్షేమమని శశికళ చెప్పిన రోజు మా ఇంట్లో సేమియా పాయసం చేశాను. ఏమిటి విశేషమని ఇంట్లోవాళ్లు అడిగితే ఏదో చెప్పి దాటేశాను.

నా ఫోన్‌లో తీసేసిన ఫొటో ఎదుటివాడి ఫోన్‌లో పోదని ఆ వ్యవహారంలో తెలిసింది. నాకు అందరూ తెలిసినవాళ్లే అనుకున్న జాబితాలో ఎవరెవరు ఉన్నారో నాకే తెలియదని కూడా తెలిసింది. ఆ వారమే పాత నంబర్లన్నీ తీసేసి, స్టేటస్ పెట్టడం మానేశాను. సెక్టార్ మీటింగులో టీచర్లందరికీ ఒకటే చెప్పాను: ఫొటో తీసే ముందు ఆమెను అడగాలి, వద్దంటే పళ్లెం ఒక్కటే తీయాలి. నా మిగిలిన సర్వీసులో ముగ్గురు ఆడవాళ్లు వద్దన్నారు. ఎందుకని నేను అడగలేదు.