పెద్దాయన మనుమరాలి వకాలత్

జనగామ కోర్టులో నేను నల్లకోటు వేసుకున్న చాలా ఏళ్లకు ఆమె వచ్చింది. నర్మెట్ట వైపు ఊళ్లో పుట్టి ఢిల్లీ దాకా ఎదిగిన జాతీయ నాయకుడి మనుమరాలు. పెరిగింది, లా చదివింది ఢిల్లీలోనే. తాత పోయాక ఆయన గడ్డ మీదే ప్రాక్టీసు పెట్టింది. మా బాపు మార్కెట్ యార్డులో హమాలీ. మొదటి క్లయింటు కోసం నేను కోర్టు బయటి టీకొట్టు దగ్గర నెలల తరబడి పడిగాపులు పడ్డాను. ఆమె వచ్చిన వారానికే ఆమె గది ముందు చెప్పులు విడిచే చోటు లేదు.

రఘునాథపల్లి అవ్వ ఒకామె భూమి తగాదా నా దగ్గర నడుస్తుండేది. ఒక రోజు వచ్చి కాగితాలు అడిగింది.

"ఏమైందవ్వా?"

"ఏం కాలే బిడ్డా. పెద్దాయన మనుమరాలు వచ్చిందంట గద, గామెకిస్త."

ఇచ్చేశాను.

కొద్దిరోజులకు ఆ మనుమరాలే నా బల్ల దగ్గరికి వచ్చింది. "అక్కా, ఈ కేసు లోతుపాతులు మీకే తెలుసు. మీరు వాదించండి, నేను పక్కన ఉంటాను."

ఒప్పుకున్నాను. మంచితనంతో కాదు, ఆమె కళ్లముందే గెలిచి చూపించాలని.

గెలిచాం. వరండాలో అవ్వ ఉరికొచ్చి ఆమెను కావలించుకుంది. "ఆ తాత రక్తం ఊకె పోతదా!"

"అవ్వా, వాదించింది అక్క," అందామె.

"గామె మాట్లాడింది, గంతే. నువ్వు నిలవడ్డవ్ గద బిడ్డా, గందుకే గెలిచినం."

ఆమె సిగ్గుతో తల దించుకుంది. నేను ఫైలు సర్దుకుని వచ్చేశాను.

జనగామలో ఆమెను ప్రతి సభకూ పిలిచి తాత విగ్రహానికి దండ వేయించేవారు. విసిగి మహబూబాబాద్ మారింది. అక్కడా తాత బొమ్మ పెద్దగా, ఆమె బొమ్మ చిన్నగా ఫ్లెక్సీలు లేచాయి. చివరికి భూపాలపల్లి వెళ్లి, బోర్డు మీద ఇంటిపేరు తీసేసిందని విన్నాను. ఉన్నోళ్ల ముచ్చట్లు అనుకున్నాను. వదులుకోవడానికైనా నాకు అలాంటి పేరు లేదు.

పోయినేడు పని మీద భూపాలపల్లి కోర్టుకు వెళితే ఆమె వాదిస్తూ కనిపించింది. కాటారం దగ్గరి వితంతువుకు అత్తింటివాళ్లు కూతురిని ఇవ్వడం లేదు. పిల్లను తానే సాకుతున్నానని మరిది సాక్ష్యం చెబుతున్నాడు.

"పిల్ల ఏ తరగతి చదువుతంది?" అని అడిగిందామె.

అతను తడబడ్డాడు. నేనైతే అక్కడే గొంతు పెంచేదాన్ని. ఆమె ఊరకే ఆగింది. "నాకు తెల్వదమ్మా, పిల్ల మా అక్క కాడుంటది," అన్నాడతను చివరికి.

బయటికొచ్చాక ఆ వితంతువును అడిగాను, "మీ వకీలు ఎవరి మనుమరాలో తెలుసా?"

"ఎవరిదైతేంది? మా వకీలమ్మ," అంది.

ఇంతలో ఆమె నవ్వుతూ వచ్చింది. "అక్కా, ఎప్పుడొచ్చినవ్? ఎట్లున్నది నా వాదన?"

"బాగుంది" అని, బస్సుకు టైమైందని వచ్చేశాను. ఇన్నేళ్లూ తాత పేరుకు కుళ్లుకున్నాను, అది తేలిక. ఇప్పుడు ఆమె పనికి కుళ్లుకుంటున్నాను. దీనికి ఏ సాకూ దొరకలేదు.

ఆ వారంలోనే జనగామలో ఒక సాక్షిని ప్రశ్నిస్తూ నేనూ అలాగే ఆగి చూశాను. అతను నింపాదిగా చెమట తుడుచుకుని, "ఇంకేమన్న అడుగుతవా మేడం?" అన్నాడు.